నవాగామ్‌కి లినక్సు ఎలా వచ్చింది?

దీపావళి రోజున సూరత్ షావుకార్లు చోపడా పూజ చేస్తారు. చోపడా అంటే లెక్కల పుస్తకం. ఎర్రగుడ్డ అట్ట వేసిన కొత్త పుస్తకం తెరిచి, మొదటి పేజీలో స్వస్తిక్ గీసి, శుభ్ అనీ లాభ్ అనీ రాసి, కుంకుమ చల్లుతారు. లెక్కలు కంప్యూటరులోకి పోయాక పుస్తకం పక్కన లాప్‌టాపు కూడా చేరింది. దానికీ బొట్టు పెడతారు. మా హేతువాద మిత్రులు ఏటా ఈ బొట్టు గురించి నవ్వుకుంటారు. నవ్వుకోవలసిందే. కానీ ఆ లాప్‌టాపు లోపల నడిచే విండోసును ఎందుకు వాడుతున్నారో ఆ నవ్వే మిత్రుల్లో ఎంతమంది ప్రశ్నించుకున్నారు? నా అనుభవంలో, దేవుడు లేడని వాదిస్తే వినేవాళ్ళు పదిమందయినా దొరికారు, విండోసు అక్కర్లేదంటే ముగ్గురు కూడా దొరకలేదు.

నేనుండేది నవాగామ్‌లో. గుజరాతీలో ఆ మాటకి కొత్త ఊరు అని అర్థం. ఇటు లింబాయత్, అటు డిండోలి, చుట్టూ మరమగ్గాల మీద బతికే జనం. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చిన నేత కుటుంబాలు ఈ వైపు చాలా ఉన్నాయి. సూరత్ మునిసిపాలిటీ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపిందంటే ఇక్కడ మనవాళ్ళెందరో ఊహించుకోవచ్చు. ఇలాంటి చోట లినక్సు అనే ఆపరేటింగ్ సిస్టం ప్రచారం చేద్దామని 2006లో నాకు బుద్ధి పుట్టింది. ఆ ప్రచారం ఎందుకు తేలిపోయిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అసలు కంప్యూటరుకీ మగ్గానికీ చుట్టరికం ఉంది. 1804లో ఫ్రాన్సులో జాకార్డ్ అనే ఆయన, చిల్లులు పొడిచిన అట్టల వరుసతో డిజైను దానంతటదే నేసే మగ్గం చేశాడు. చార్లెస్ బాబేజ్ తన గణనయంత్రానికి ఆ అట్టల ఆలోచనే తీసుకున్నాడు. జకార్డు అట్టలు మా పేటలో ముసలి నేతగాళ్ళకి కొత్త కాదు. మగ్గానికి ఏ చిల్లు ఏం చెబుతుందో చూసి తెలుసుకోవచ్చు, తప్పుంటే కొత్త అట్ట కొట్టుకోవచ్చు. మగ్గం అమ్మిన కంపెనీ వచ్చి "అట్టలు తిప్పి చూడొద్దు, నేయడం వరకే నీ పని" అంటే మన మేస్త్రీలు ఊరుకుంటారా? సాఫ్టువేరు విషయంలో ప్రపంచమంతా ఊరుకుంది.

ఊరుకోని మనిషి రిచర్డ్ స్టాల్‌మన్. అమెరికాలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో పనిచేసేవాడు. అక్కడికి వచ్చిన కొత్త లేజరు ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు పంపేలా మార్చుదామనుకున్నాడు. దాని మూలరాత ఇవ్వడానికి నిరాకరించారు. 1983 సెప్టెంబరు 27న గ్నూ అనే పూర్తి వ్యవస్థ రాస్తున్నానని ప్రకటించాడు. వాడుకోవడం, విప్పి చూడడం, మార్చుకోవడం, పంచుకోవడం అందరి హక్కు అన్నాడు, దానికి తగ్గట్టు జీపీఎల్ అనే లైసెన్సు తయారుచేశాడు. ఆ వ్యవస్థలో కెర్నలు ఒకటి లోటుగా ఉండిపోయింది. 1991 ఆగస్టులో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి సరదాకి ఒక కెర్నలు రాస్తున్నానని చెప్పాడు. రెండూ కలిస్తే మనం లినక్సు అని పిలిచేది. స్టాల్‌మన్ మాత్రం దాన్ని గ్నూ/లినక్సు అనాలంటాడు. న్యాయమే గానీ నాకు నోరు తిరగదు.

మన దేశానికి ఇది డిస్కుల మీద వచ్చింది. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్టు మొదలైనా, ఆ వేగంతో ఆపరేటింగ్ సిస్టం దించుకోవడం అసాధ్యం. పీసీక్వెస్టు పత్రిక 1996లో లినక్సు సీడీని పత్రికతో పాటు పంచింది. ఇంజనీరింగు కాలేజీల కుర్రాళ్ళు ఆ సీడీని చేతులు మార్చుకున్నారు. ఊరూరా వాడుకరుల సంఘాలు పుట్టాయి. 2003 ఫిబ్రవరిలో లినక్స్ ఫర్ యూ అని ప్రత్యేకంగా ఒక పత్రికే వచ్చింది. అదే ఏడు మే నెలలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం పూణేలో మాట్లాడుతూ, మన దేశానికి మూలరాత తెరిచి ఉండే సాఫ్టువేరే కావాలని, ఆ విషయంలో బిల్ గేట్స్‌తో తనకి అభిప్రాయం కలవలేదని చెప్పారు.

ఇదంతా ఇంగ్లీషు వచ్చినవాళ్ళ సంగతి. తెలుగు మాటేమిటి?

తొంభైల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదివే మన కుర్రాళ్ళు, కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ గార్లు, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఆర్‌టీఎస్ పద్ధతి కట్టారు. 1991లోనే యూనికోడు తొలి కూర్పులో తెలుగుకి చోటు దక్కింది. అయితే కోడు ఉంటే చాలదు కదా. స్త్ర, క్ష్మి లాంటి అక్షరాలు రావాలంటే ఫాంటుకి తెలివి ఉండాలి, దాన్ని తెరమీద పేర్చే ప్రోగ్రాముకీ తెలివి ఉండాలి. దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు వచ్చాక తెరమీద తెలుగు తెలుగులా కనిపించింది. ఆ రెండూ జీపీఎల్ కింద డెబియన్ లినక్సులోకీ చేరాయి. 2000 ప్రాంతంలో ఇండ్‌లినక్స్ అనే ప్రయత్నం భారతీయ భాషలన్నిటికీ లినక్సులో చోటు చేద్దామని మొదలైంది. 2004లో రెడ్‌హ్యాట్ కంపెనీ గుజరాతీతో సహా అయిదు లిపులకి లోహిత్ ఫాంట్లు విడుదల చేసింది. తెలుగు లోహిత్ తర్వాత వచ్చింది.

2005లో హైదరాబాదు కేంద్రంగా 'స్వేచ్ఛ' విడుదలైంది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్ పేరుతో మొదలైన సంఘం అది. తర్వాత సంఘానికీ అదే పేరు స్థిరపడింది. దీన్ని తొలి తెలుగు ఆపరేటింగ్ సిస్టం అని చెప్పుకున్నారు. హేతువాదులం గనుక ఈ మాటని కాస్త విప్పి చూడాలి. కెర్నలు టోర్వాల్డ్స్‌ది, పనిముట్లు గ్నూవి, తెర గ్నోమ్ వాళ్ళది. తెరమీద మాటలు మాత్రం మనవాళ్ళు తెలుగు చేశారు. అది చిన్న పనా? వేలకొద్దీ వాక్యాలు, చాలావరకు విద్యార్థులూ ఉద్యోగస్తులూ రాత్రిళ్ళు కూర్చుని తిప్పినవి. చిన్న పని కానే కాదు. అయితే 'మన సొంత ఆపరేటింగ్ సిస్టం' అనే గొప్ప అక్కర్లేదు. అందరిదీ కావడమే దాని సుగుణం. ఈ సొంతం పిచ్చి ప్రభుత్వాలకీ ఉంది. సీడాక్ వాళ్ళు చేసిన బాస్ లినక్సు కూడా డెబియనే. 2023లో రక్షణ శాఖ తన కంప్యూటర్లకని ప్రకటించిన దానికి మాయా అని పేరు పెట్టారు, అది ఉబుంటు మీద కట్టినదని పత్రికలు రాశాయి. పేరు మాత్రం భలే కుదిరింది!

స్వేచ్ఛ అనే పేరు గురించి ఒక్క మాట. ఇంగ్లీషులో ఫ్రీ అంటే డబ్బులివ్వక్కర్లేదు అనీ అవుతుంది, స్వతంత్రం అనీ అవుతుంది. ఈ గందరగోళాన్ని వివరించడానికే స్టాల్‌మన్‌కి సగం జీవితం పట్టింది. తెలుగులో ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఇంత సౌకర్యం ఉండి కూడా మన పత్రికలు 'ఉచిత సాఫ్టువేరు' అని రాస్తూ వచ్చాయి. నేనూ నవాగామ్‌లో ఉచితం అనే చెప్పాను. తప్పు అక్కడే మొదలయింది.

అప్పట్లో ఉబుంటు వాళ్ళు అడిగినవాళ్ళకల్లా సీడీలు పోస్టులో పంపేవారు. 2004లో మొదలుపెట్టిన ఆ పద్ధతి 2011 దాకా నడిచింది. తపాలా ఖర్చు కూడా వాళ్ళదే. 2006లో డాపర్ డ్రేక్ అనే కూర్పు సీడీలు తెప్పించుకుని, మా వీధిలో ఒక తెలుగు కుర్రాడి ఇంటర్నెట్టు సెంటరుకి వెళ్ళాను. ఆరు కంప్యూటర్లు. "తమ్ముడూ, ఇది ఉచితం, రెండింటిలో వేసి చూద్దాం" అన్నాను. ఆ కుర్రాడు మర్యాదగా నవ్వాడు. "అన్నా, విండోస్ సుత ఉచితమే గదా" అన్నాడు.

నిజమే. బండి మీద ముప్ఫై రూపాయలకి దొరికే సీడీ అతనికి ఉచితం కిందే లెక్క. దొంగ కాపీ అని నీతి చెబుదామంటే, ఆ వీధిలో నీతికి ఎవరు ఖర్చు పెడతారు? ఎలాగూ దొంగిలించేటట్టయితే మాదే దొంగిలించడం మేలు, అలవాటు పడ్డాక ఎలా వసూలు చేయాలో చూసుకోవచ్చు అనే అర్థంలో గేట్స్ 1998లో చైనా గురించి అన్నాడు. వ్యాపారిగా అతని లెక్క తప్పలేదు. ధర గురించి మాత్రమే మాట్లాడే లినక్సు ప్రచారం దొంగ సీడీ ముందు నిలవదు. ఈ సంగతి నాకు ఆ రోజు అర్థం కాలేదు.

అయినా నా మొహమాటానికి రెండు కంప్యూటర్లలో వేయనిచ్చాడు. మొదటి సాయంత్రమే ఒక నేతన్న వచ్చి పాట పెట్టమన్నాడు. అప్పటి ఉబుంటులో ఎమ్‌పీ3 పాటలు వెంటనే పాడేవి కావు. పేటెంట్ల గొడవ వల్ల ఆ తంతు విడిగా దించుకోవలసి వచ్చేది. "ఏందన్నా, పాటలు రావా?" అని పక్క కంప్యూటరుకి పోయాడు. తర్వాత మస్కట్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడాలని ఒకావిడ వచ్చింది. కరీంనగర్ ఇళ్ళల్లో ఒక కాలు సూరత్‌లో, ఒక కాలు గల్ఫ్‌లో ఉంటుంది గదా. అప్పట్లో యాహూ మెసెంజరులో గొంతు వినిపించే సదుపాయం విండోసుకే ఉండేది. మా గెయిమ్‌లో రాతలు పంపుకోవడమే తప్ప మాట్లాడడం కుదిరేది కాదు. ఆమెకి రాయడం రాదు. మీ లైసెన్సు ఎంత గొప్పదో ఆ తల్లికి ఏం చెబుతారు?

మూడోది ఈనాడు. అప్పట్లో ఈనాడు సైటు సొంత ఫాంటు వాడేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో చక్కగా కనిపించేది, లినక్సులో ఫైర్‌ఫాక్సు తెరిస్తే పిచ్చి గీతలు. వారం తిరక్కుండా ఆ రెండు కంప్యూటర్లలోనూ విండోసు తిరిగొచ్చింది. కుర్రాడి తప్పేం లేదు, గంటకి ఇంత అని బతుకుతున్నవాడు.

దుకాణాల వైపు వెళితే ఇంకా గట్టి గోడ. సూరత్ బట్టల బజారు లెక్కలు టాలీలో ఉంటాయి. టాలీ విండోసు మీదే నడుస్తుంది. ఎంబ్రాయిడరీ డిజైనర్లు వాడే విల్‌కామ్ కూడా అంతే. పెళ్ళిపత్రికలు అచ్చు వేసే డీటీపీ వాళ్ళవి అను ఫాంట్లు, పేజ్‌మేకరు. ఆ చేతులకి అలవాటైన కీబోర్డు మారితే పని సగానికి పడిపోతుంది. వీళ్ళెవరూ మైక్రోసాఫ్టు భక్తులు కారు. వాళ్ళ కూడు ఏ ప్రోగ్రాములో ఉందో ఆ ప్రోగ్రాము ఎక్కడుంటే అక్కడ ఉన్నారు. ప్రచారకులం దీన్ని బానిసత్వం అని తిట్టేవాళ్ళం. తిట్టు సులువు, టాలీకి బదులు చూపించడం కష్టం.

తెలుగు తెర సంగతీ చెప్పాలి. మెనూలో ఫైలు అని ఉండాల్సిన చోట 'దస్త్రం', ఫోల్డరుకి 'సంచయం', పాస్‌వర్డుకి 'సంకేతపదం'. సూరత్‌లో పుట్టిన తెలుగు పిల్లలు గుజరాతీలోనో హిందీలోనో చదువుకుంటారు, ఇంట్లో తెలంగాణ మాట మాట్లాడతారు. కరణాల కాలం నాటి దస్త్రం వాళ్ళకి ఏం తెలుస్తుంది? మాతృభాషలో కంప్యూటరు అని మేము తీసుకెళ్ళినది వాళ్ళ మాతృభాష కాదు, మా నిఘంటువు. అనువాదకుల్లోనే దీని మీద పెద్ద తగువులుండేవి. నా ఉద్దేశంలో ఫైలు అంటే ఫైలే.

ఇక మా వైపు దోషాలు. ఏ ప్రచారమైనా కొన్నాళ్ళకి మతమవుతుంది. స్టాల్‌మన్‌కి ఆ సంగతి తెలుసు గనుకే తలచుట్టూ పాత హార్డ్‌డిస్కు పళ్ళెం పెట్టుకుని, సెయింట్ ఇగ్నూషియస్ వేషం వేసి తనని తానే వెక్కిరించుకుంటాడు. మన కుర్రాళ్ళకి ఆ హాస్యం అబ్బలేదు. 'లినక్సుకి వైరస్ రాదు' అని కరపత్రాల్లో రాశాం. రాదు అని ఎవరు పరీక్షించారు? బల్ల మీది కంప్యూటర్లలో లినక్సు తక్కువ, అంచేత దొంగల కన్ను తక్కువ, అనుమతుల ఏర్పాటు కొంత గట్టిది. అంతవరకే చెప్పవచ్చు. 'వేల కళ్ళు చూస్తాయి గనుక తప్పులు దాగవు' అని ఇంకో సూత్రం. ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే రంధ్రం రెండేళ్ళు అలాగే ఉండి 2014 ఏప్రిల్‌లో బయటపడింది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న పనిముట్టులో ఎవరో కావాలనే దొంగదారి పెట్టారు. లాగిన్ అవడానికి అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వబట్టి దొరికింది. తెరిచి ఉన్నది పరీక్షించడానికి వీలిస్తుంది. వీలు ఉండడం, పరీక్ష జరగడం ఒకటి కాదు. ఈ తేడా హేతువాదికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? 'కంప్యూటరుకి సంస్కృతమే శ్రేష్ఠమని నాసా చెప్పింది' అని వాట్సాపులో తిరిగే కథ విని మనం నవ్వుతాం. 1985లో రిక్ బ్రిగ్స్ అనే ఒక పరిశోధకుడు రాసిన ఒక్క వ్యాసానికి పట్టిన గతి అది. మా కరపత్రాల పద్ధతీ దానికి ఎంతో దూరంలో లేదు.

మరి ఎక్కడా గెలవలేదా? కేరళలో గెలిచింది. 2001 జూలైలో తిరువనంతపురంలో స్టాల్‌మన్ సమక్షంలో భారత ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ మొదలైంది. అదే కాలంలో ఐటీ ఎట్ స్కూల్ అనే ప్రభుత్వ పథకం వచ్చింది. ఉపాధ్యాయ సంఘాలు, శాస్త్ర సాహిత్య పరిషత్ వాళ్ళు పట్టుబట్టి బడుల్లో లినక్సు పెట్టించారు. కేవలం సీడీలు పంచలేదు. ముందు మాస్టర్లకి నేర్పారు, పాఠ్యపుస్తకం రాశారు, పదో తరగతి పరీక్ష అందులోనే పెట్టారు. పరీక్షలో ఉంటే పిల్లవాడు నేర్చుకుంటాడు, పిల్లవాడు నేర్చుకుంటే ఇంట్లో వేయించుకుంటాడు. జర్మనీలో మ్యూనిక్ నగరం 2003లో విండోసు వదిలేయాలని నిర్ణయిస్తే మైక్రోసాఫ్టు అధిపతి బామర్ సెలవు మధ్యలో వదిలేసి మేయరు దగ్గరికి పరుగెత్తాడు. పదేళ్ళు కష్టపడి దాదాపు 15,000 కంప్యూటర్లు మార్చారు. 2017లో నగర పాలకులు మారిన మనసుతో మళ్ళీ విండోసుకే ఓటేశారు. అధికారం తెచ్చినదాన్ని అధికారం తీసుకుపోయింది. కేరళలో మాస్టర్లు ఉండబట్టి నిలిచింది.

మన తెలుగు నాట స్వేచ్ఛ వాళ్ళు కాలేజీల్లో గ్లగ్ అని విద్యార్థి బృందాలు పెట్టించారు. ఎండాకాలం శిబిరాలు నడిపారు. అక్కడ ఇంజనీర్లు తయారయ్యారు, ఇళ్ళల్లో కంప్యూటర్లు పెద్దగా మారలేదు. ఇది నిందగా అనడం లేదు. ఎందుకంటే నాకు బాగా పనికొచ్చినవి ఆపరేటింగ్ సిస్టం పేరు ఎత్తని చిన్న పనిముట్లే. వెన్న నాగార్జున గారు పద్మ అనే పొడిగింపు రాశారు. ఈనాడు పిచ్చి గీతల్ని అది యూనికోడు తెలుగుగా మార్చేసేది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలుపెట్టిందీ ఆయనే. 2006లో వీవెన్ గారి లేఖిని వచ్చింది. ఏ కంప్యూటరులోనైనా, ఏమీ వేసుకోకుండా తెలుగు టైపు చేయవచ్చు. ఆ ఇంటర్నెట్టు కుర్రాడే లేఖిని చూసి, విండోసులోనే, వాళ్ళ కులసంఘం సభకి ఆహ్వానం తెలుగులో కొట్టాడు. నేను సీడీలతో చేయలేనిది ఒక పేజీ చేసింది. 2012 తిరుపతి ప్రపంచ తెలుగు మహాసభల నాటికి మండలి, గిడుగు, సురవరం లాంటి ఫాంట్లు స్వేచ్ఛగా వాడుకునే లైసెన్సుతో వచ్చాయి.

మూసి ఉన్నవాటి సంగతికి ఒక ఉదాహరణ చాలు. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులో 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరం వస్తే సందేశాల ప్రోగ్రాము కుప్పకూలేది. జ్ఞానంలో మొదటి అక్షరం! ఎవరికి చేతనైనా, దాన్ని విప్పి బాగుచేసే హక్కు ఒక్క తెలుగువాడికీ లేదు. కంపెనీ కొత్త కూర్పు పంపేదాకా ఆగాలి. పంపింది, త్వరగానే పంపింది. లినక్సులో ఒత్తులు విరిగితే బాగుపడడానికి ఏళ్ళు పట్టిన రోజులు నాకు గుర్తున్నాయి. హక్కు ఉన్నచోట చేతులు తక్కువ, చేతులున్నచోట హక్కు లేదు.

చివరికి నవాగామ్‌కి లినక్సు వచ్చింది. ఎవరూ ప్రచారం చేయలేదు. 2007లో గూగుల్ ప్రకటించిన ఆండ్రాయిడ్ కింద ఉన్నది లినక్సు కెర్నలే. ఇప్పుడు మరమగ్గం పక్కన నిలబడ్డ ప్రతి మనిషి జేబులోనూ అది ఉంది. అందులో పాటలు వస్తాయి, మస్కట్ మాట్లాడుతుంది, తెలుగులో చెబితే తెలుగులో రాస్తుంది.

పోయిన దీపావళికి ఆ పాత ఇంటర్నెట్టు సెంటరు కుర్రాడు కనిపించాడు. ఇప్పుడు కుర్రాడేమీ కాదు, ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాడు. అతని ఫోనులో సెట్టింగులు తెరిచి, అట్టడుగున కెర్నల్ వెర్షన్ అనే గీత చూపించాను. "అప్పుడు నువ్వు సీడీలు పట్టుకొని తిరిగింది దీని కోసమేనా అన్నా?" అని ఆశ్చర్యపోయాడు. అవునన్నాను. "అయితే దీన్ని విప్పి చూడొచ్చా?" అనడిగాడు. జీపీఎల్ ప్రకారం ఆ కెర్నలు మూలరాత అడిగితే ఫోను కంపెనీ ఇవ్వాలి. ఇద్దరం కూర్చుని ఉత్తరం రాశాం, అతను చెప్తుంటే నేను టైపు చేశాను. కంపెనీ పేరు అనవసరం. ఇంకా జవాబు రాలేదు. వచ్చే వారం రెండోది రాస్తున్నాం.